బుధవారం మూడో పీరియడ్

ఆ వాక్యం రాసింది నేనే. "ప్రత్యేక తరగతుల నిర్వహణకు పరీక్షలు లేని పీరియడ్లను వినియోగించుకోవచ్చు." 2023 ఆగస్టులో మా మండలంలోని బళ్ళన్నిటికీ వెళ్ళిన లేఖలో నాలుగో పేరా చివర ఉంటుంది. కింద సంతకం మండల విద్యాధికారి, అంటే ఎంఈఓ గారిది. ఆయన నాకు చెప్పింది మాత్రం ఒక్కటే, చదువులో వెనకబడ్డ పిల్లలకు రెమిడియల్ క్లాసులు జరగాలి, లేఖ తయారు చేయమ్మా అని. ఎప్పుడు జరపాలి, ఏ పీరియడ్‌లో జరపాలి అని హెచ్చెంలు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేస్తారు, ఆ జవాబేదో లేఖలోనే ఇచ్చేస్తే పోతుంది కదా అనుకుని ఆ వాక్యం నేను చేర్చాను. చేర్చాక మళ్ళీ చదువుకుంటే లేఖ నిండుగా ఉన్నట్టనిపించింది.

ఆ వాక్యం ఏం చేసిందో తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది. తెలుసుకోవడానికి కావలసిన లెక్కలన్నీ ఆ ఐదు నెలలూ నా కంప్యూటర్లోనే ఉన్నాయి.

నేను ఉత్తరాంధ్రలో ఒక మండల వనరుల కేంద్రంలో పని చేస్తాను. ఎమ్మార్సీ అంటారు అందరూ. అక్కడ ఎంఐఎస్ కోఆర్డినేటర్ అంటే బళ్ళ లెక్కలు చూసే మనిషి. ఎన్ని గదులు, ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, మరుగుదొడ్డికి నీళ్ళు ఉన్నాయా లేవా, అన్నీ నా దగ్గరికే వస్తాయి. ఒకప్పుడు ప్రాథమిక బళ్ళకు డైస్ అని, హైస్కూళ్ళకు సెమిస్ అని రెండు లెక్కలుండేవి. 2012-13లో రెండూ కలిసి యూడైస్ అయ్యాయి. ఆ ఏడాదే నేను ఉద్యోగంలో చేరాను. మొదట్లో కాగితపు ఫారాలు మూటలు కట్టి వచ్చేవి. సెప్టెంబర్ 30 నాటికి బడి ఎలా ఉందో రాయాల్సి ఉండేది. తర్వాత యూడైస్ ప్లస్ వచ్చింది, అంతా ఆన్‌లైన్ అయింది. 2022-23 నుంచి తరగతికి ఇంతమంది అని మొత్తం వేసి పంపడం పోయి, ఒక్కొక్క పిల్ల పేరు, ఆ పేరుకి ఒక శాశ్వత సంఖ్య వచ్చాయి. పెన్ నంబరు అంటాం. బడికి 11 అంకెల కోడ్ ఉన్నట్టే పిల్లకీ ఓ నంబరు. మా పని చేసేవాళ్ళకి ఇది పెద్ద మార్పు. ఒక పిల్ల గురించి రెండు వేర్వేరు షీట్లలో ఉన్న సంగతులను ఆ నంబరుతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆ పని నాకు బాగా వచ్చు. మిగతా మండలాల కోఆర్డినేటర్లు ఎక్సెల్‌లో వీలుకప్ ఎలా వేయాలో నాకు ఫోన్ చేసి అడుగుతారు. అలాంటి నేను ఆ ఏడాది ఆ రెండు షీట్లను పక్కపక్కన పెట్టలేదు.

మొదటి షీటు 2023 జూన్‌లో తయారైంది. మా మండలంలో పుట్టి విదేశంలో స్థిరపడిన ఒకాయన బళ్ళలో బొమ్మలు, పాట, ఆట నేర్పించడానికి సాయం చేస్తానని ఎంఈఓ గారికి ఫోన్ చేశారు. పది బళ్ళకు రంగులు, కాగితాలు, బ్రష్షులు ఇస్తారు. దగ్గరి ఊళ్ళలో ఉన్న కళాకారులు వారానికోసారి వచ్చి నేర్పితే వాళ్ళకు గౌరవ వేతనం ఇస్తారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "ఎక్కడ లేదో అక్కడ ఇవ్వండి."

ఎక్కడ లేదో చెప్పడం నా పని. అరగంటలో చెప్పేశాను.

టీచర్ల షీటు తీశాను. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బళ్ళను వేరు చేశాను. డ్రాయింగ్, క్రాఫ్టు, సంగీతం టీచర్లలో ఎవరున్నా ఆ బడిని తీసేశాను. తర్వాత వంద మంది పిల్లలు దాటని బళ్ళను కూడా తీసేశాను. ఎందుకు తీశావంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, వంద మంది దాటిన బడికి పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు, కళలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని ఉంది. ఆ వంద నా వేళ్ళకి అలవాటైపోయిన అంకె. దాత ఇచ్చే డబ్బుకు ఆ చట్టంతో పని లేదు, అరవై మంది పిల్లలున్న బడికి ఇస్తే ఎవరూ కాదనరు. ఆ మాట నాకు ఆ అరగంటలో తట్టనే లేదు. అలా మా మండలం చివర, కొండ పక్కనున్న చిన్న బళ్ళన్నీ జాబితా నుంచి జారిపోయాయి. వాటిలో ఒక ఊళ్ళో తప్పెటగుళ్ళు ఆడే బృందం ఉంది. గుండెల మీద గుండ్రటి రేకు తప్పెటలు కట్టుకుని, గంగమ్మను తలుచుకుని ఆడే గొర్రెల కాపరుల ఆట అది. గౌరవ వేతనం ఇచ్చి పిలవాల్సిన కళాకారులు ఆ బడి గోడకవతలే ఉన్నారు. ఆ ఊరు నా షీటులో ఒక కోడ్, ఒక అంకె. అంకె వంద కన్నా తక్కువ.

రెండో షీటు ఆగస్టుది. బేస్‌లైన్ పరీక్ష మార్కులు వచ్చాయి. చదవడం, తీసివేతలు, భాగహారాలు రాని పిల్లలను సి గ్రూపు అంటాం. బడివారీగా, తరగతివారీగా సి గ్రూపు పేర్లు తీసి, ప్రతి బడికి విడిగా జాబితా కట్టి, ముందు చెప్పిన లేఖతో కలిపి పంపాను. దాని మీద నేను చాలా కష్టపడ్డాను. ఒక్క పేరు తప్పు పోలేదు.

జనవరిలో ఓ బుధవారం ఒక హైస్కూలుకి వెళ్ళాను. వెళ్ళింది ఆధార్ పేర్లకీ బడి రిజిస్టర్ పేర్లకీ పొంతన కుదరని పిల్లల సంగతి చూడడానికి. అది డ్రాయింగ్ మాస్టారున్న బడి. జూన్ జాబితాలో నేను మొట్టమొదట తీసేసిన బడి అదే. హెచ్చెం గారి గదిలో కూర్చుని పేర్లు సరి చూస్తుంటే మూడో పీరియడ్ గంట కొట్టారు. ఏడో తరగతి గదిలోంచి పదకొండు మంది పిల్లలు లెక్కల పుస్తకాలు పట్టుకుని బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నారు. లెక్కల మాస్టారు కుర్చీ తెచ్చుకున్నారు. అదే సమయానికి డ్రాయింగ్ మాస్టారు చంకలో చార్టులు పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళారు.

"వీళ్ళెవరు సార్?" అనడిగాను.

"మీరు పంపిన లిస్టే మేడం. సి గ్రూపు. పరీక్షలు లేని పీరియడ్ అన్నారు కదా. బుధవారం మూడోది డ్రాయింగ్, శుక్రవారం ఆరోది క్రాఫ్టు. రెండూ పెట్టేశాం. ఆగస్టు నుంచి ఒక్క వారం తప్పలేదు."

ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషి తృప్తి ఉంది. చెప్పింది నేను.

పేర్ల పని అయ్యాక చెట్టు దగ్గరికి వెళ్ళాను. చివర్లో కూర్చున్న పిల్ల లెక్కల నోట్సు ఆఖరి పేజీ తెరిచి చుక్కలు పెట్టుకుంటోంది. నన్ను చూసి పుస్తకం మూయబోయింది. పర్లేదులే అని, ఎన్ని చుక్కలని అడిగాను.

"పదిహేను. సందు చుక్క. ఎనిమిది దాకా."

గీతలు చుక్కల మధ్య తిరిగి వచ్చి మొదలైన చోటే కలుస్తున్నాయి, ఎక్కడా చెరిపిన గుర్తు లేదు. డ్రాయింగ్ క్లాసులో కూడా ఇలాంటివి వేయిస్తారా అనడిగాను.

"తెలీదు మేడం. నేను ఆ క్లాసుకి వెళ్ళను కదా. నేను సి గ్రూపు."

ఆ మాట ఆ పిల్ల బాధగా అనలేదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది. సి గ్రూపు అనేది ఎమ్మార్సీలో ఒక కాలమ్‌కి మేం పెట్టుకున్న పేరు. అది ఒక పిల్ల తన గురించి తాను చెప్పుకునే మాటగా మారుతుందని నేను ఏనాడూ అనుకోలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ డ్రాయింగ్ మాస్టారి దగ్గర కూర్చున్నాను. పాతకాలపు మనిషి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పాసై, వేసవిలో నలభై రెండు రోజుల ట్రైనింగ్ చేసి టీటీసీ తెచ్చుకుని ఉద్యోగంలోకి వచ్చినవారు. మాటల్లో, మీ క్లాసుకి పిల్లలందరూ వస్తున్నారా సార్ అన్నాను. ఆయన బీరువాలోంచి ఒక పొడుగాటి నోట్సు తీశారు. ఖాకీ అట్ట. ప్రతి పేజీలో ఎడమవైపు పిల్లల పేర్లు, పైన తేదీలు. మామూలు హాజరు పట్టీయే అనుకున్నాను. కాదు. ప్రతి పేరు ఎదురుగా ఆ రోజు ఆ పిల్ల వేసిన బొమ్మ పేరు ఉంది. ఆకు. మామిడికాయ. కుండ. కుండ, నీడ. బకెట్టు. చెట్టు, దూరం. కొన్ని గళ్ళలో పెన్సిల్‌తో 'రె' అని ఒక్క అక్షరం.

"రె అంటే రెమిడియలమ్మా. చెట్టు కిందికి వెళ్ళిన రోజు."

నేను చూసిన పిల్ల వరుస వెతికాను. జూన్‌లో ఆకు. జులైలో మామిడికాయ, కుండ. ఆగస్టు మొదటి బుధవారం 'కుండ, నీడ', పక్కన సగం అని రాసి ఉంది. ఆ తర్వాత రె. రె. రె. సెలవులు. రె. పేజీ చివరి దాకా పెన్సిల్ గీతలా సాగిపోయాయి ఆ అక్షరాలు.

ఇదంతా ఎందుకు రాస్తారు సార్ అన్నాను. నా ఉద్యోగంలో ఎవరైనా ఏదైనా రాశారంటే పైవాళ్ళు ఎవరో అడిగి ఉంటారు.

"వెళ్ళిన పిల్ల ఎప్పుడైనా తిరిగొస్తుంది కదా. వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియాలి కదమ్మా. నీడ దగ్గర ఆగిన పిల్లని పట్టుకుని బకెట్టు వెయ్యమంటే బెదిరిపోతుంది. ఇక బొమ్మ జోలికే రాదు."

ఈ సంగతి ఎవరికైనా చెప్పారా అనడిగితే, "చెప్పడానికేముంది, ఆర్డరొచ్చింది. వాళ్ళకి చదవడం రావాలి, అదీ నిజమే" అన్నారు.

ఆ ఆర్డరులోని ఆ వాక్యం నాదేనని నేను ఆయనకు చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. బస్సుకి టైమైందని లేచి వచ్చేశాను. చేసిన పనికన్నా ఆ లేచి రావడమే ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతుంది.

ఆ రాత్రి ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని గ్రేడ్ల షీటు తీశాను. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చాక మా దగ్గర చదువు సబ్జెక్టులతో పాటు కళలు, సాంస్కృతిక విద్యకు కూడా గ్రేడు వేస్తారు. చెట్టు కింద చూసిన పదకొండు మందికీ ఆ గడిలో మంచి గ్రేడ్లున్నాయి. ఆ పిల్లకూ మంచి గ్రేడే. గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఎవరో నింపారు. నేను డిసెంబర్‌లో దాతకు ఒక నివేదిక కూడా పంపి ఉన్నాను. మండలంలో కళా విద్య అందుతున్న పిల్లలు ఇంతమంది అని అందులో ఒక అంకె ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందంటే, డ్రాయింగ్ టీచరో క్రాఫ్టు టీచరో ఉన్న బళ్ళన్నిటిలో చేరిన పిల్లల సంఖ్యను కూడి, దానికి దాత సాయం అందిన పది బళ్ళ పిల్లల్ని కలిపాను. బడిలో టీచరున్నారంటే బడిలో ఉన్న పిల్లలందరికీ అందినట్టే. నా లెక్కలో బడికి గోడలే తప్ప లోపల గదులు లేవు, గంటలు లేవు, చెట్టు లేదు.

అప్పుడు చేశాను, జూన్‌లో గానీ ఆగస్టులో గానీ చేయాల్సిన పని. సి గ్రూపు షీటు, విద్యార్థుల షీటు పెన్ నంబరుతో కలిపాను. మర్నాడు కళల టీచర్లున్న ఆరు హైస్కూళ్ళ నుంచి టైంటేబుళ్ళ ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. నాలుగు బళ్ళలో రెమిడియల్ సరిగ్గా డ్రాయింగ్, క్రాఫ్టు పీరియడ్లలోనే ఉంది. ఐదో బడిలో పీఈటీ సార్ ఆటల పీరియడ్ పోయింది. పేర్లను ఊళ్ళవారీగా సర్దితే ఇంకో సంగతి బయటపడింది. ఎక్కువమంది రెండు మూడు పేటల పిల్లలు. అమ్మానాన్నలు విజయవాడకో హైదరాబాదుకో మద్రాసుకో ఇళ్ళ పనులకు వలస వెళ్తే అవ్వల దగ్గర ఉండి చదువుకుంటున్నవాళ్ళు. టౌన్లో సాయంత్రాలు డ్రాయింగ్ క్లాసులు, డాన్సు క్లాసులు ఉన్నాయి. మా టీచర్ల పిల్లలు, మా ఆఫీసులో పిల్లలు వెళ్తారు. మా అమ్మాయీ వెళ్తుంది. ఈ పేటల పిల్లలకు రంగులు, కాగితం, నేర్పే మనిషి దొరికేది వారం మొత్తంలో ఆ ఒక్క పీరియడ్‌లో. దాన్ని సరిగ్గా వాళ్ళ దగ్గర్నుంచే, వాళ్ళ పేర్లు ఒక్కటి కూడా తప్పు పోకుండా ఏరి మరీ తీసేశాను.

నాకు ఇది ముందే ఎందుకు తట్టలేదని చాలా రాత్రులు ఆలోచించాను. నేను చదువుకున్న హైస్కూల్లోనూ డ్రాయింగ్ పీరియడ్ ఉండేది. దసరా దాటాక ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకునేవారు, సిలబస్ పూర్తి చేయడానికి. క్లాసులో మొదటి ర్యాంకు నాదే. ఆ పీరియడ్ పోయినందుకు సంతోషించినవాళ్ళలో నేనొకదాన్ని. వెనక బెంచీలో ఇద్దరు ముగ్గురు ఆ రోజు ముఖాలు ముడుచుకునేవాళ్ళు. వాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదనుకునేదాన్ని. వారంలో వాళ్ళు నాకన్నా బాగా చేయగలిగిన పని ఆ నలభై ఐదు నిమిషాలే ఉండేదని ఇన్నేళ్ళకు అర్థమైంది. 'పరీక్షలు లేని పీరియడ్' అన్న మాట నా కలం నుంచి అంత సులువుగా రావడానికి కారణం అదే. ఆ పీరియడ్ నాకు ఎప్పుడూ ఖాళీ స్థలమే.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందని రాయగలిగితే బాగుండేది. ఫిబ్రవరిలో ఇంకో తెలివితక్కువ పని చేశాను. పోస్టు ఉందా లేదా అన్నది కాదు, పిల్లలకు సమయం అందుతోందా అన్నది చూడాలి కదా అని ఒక గూగుల్ ఫారం తయారు చేసి హెచ్చెంలందరికీ పంపాను. మీ బడిలో వారానికి ఎన్ని నిమిషాలు కళా విద్య జరుగుతోంది? సాయంత్రానికి జవాబులు వచ్చేశాయి. దాదాపు అందరిదీ ఒకటే అంకె, 90. రెండు పీరియడ్లు, 45 నిమిషాల చొప్పున. డ్రాయింగ్ పోస్టు ఖాళీగా ఉన్న బడిది కూడా 90. వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనను. టైంటేబుల్లో ఉన్నది రాశారు. ఎమ్మార్సీ నుంచి ఫారం వచ్చిందంటే తప్పు పట్టడానికే వచ్చిందని వాళ్ళకు పదేళ్ళుగా నేర్పింది నాలాంటివాళ్ళమే. ఎవరి పనితీరు గురించి తెలుసుకోవాలో వాళ్ళనే అడిగి, ఆ జవాబును లెక్క అనుకోవడం నా తప్పు.

ఇలాంటి పని వేరేచోట్ల ఎలా చేశారని వెతికి చదవడం అప్పుడు మొదలుపెట్టాను. అమెరికాలో షికాగో బళ్ళు 2012లో కళా విద్యకు ఒక ప్రణాళిక పెట్టుకుని, బడివారీగా లెక్క తీస్తున్నాయి. అక్కడ టీచరున్నారా అన్న దగ్గర ఆగలేదు. ఎంతమంది పిల్లలకు ఒక టీచరు, వారానికి ఎన్ని నిమిషాలు, బడిలో నూటికి ఎంతమంది పిల్లలకు అందుతోంది, ఇవన్నీ విడివిడిగా అడుగుతారు. చిన్న తరగతులకు వారానికి 120 నిమిషాలు గురి. 'బడిలో నూటికి ఎంతమంది పిల్లలకు' అన్న ప్రశ్న చదివినప్పుడు చెట్టు కింద పదకొండు మంది కళ్ళముందు కనిపించారు. న్యూయార్క్‌లో 2014లో నగర కంప్ట్రోలర్ కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. నగరంలో ఐదో వంతు బళ్ళలో కళల టీచరే లేరని అందులో తేలింది. వాళ్ళు అక్కడితో వదలకుండా ఆ బళ్ళు ఏ పేటల్లో ఉన్నాయో చూశారు. అర్హత పత్రం ఉన్న కళల టీచరు లేని బళ్ళలో 42 శాతానికి పైగా సౌత్ బ్రాంక్స్, సెంట్రల్ బ్రూక్లిన్ అనే పేదల పేటల్లోనే ఉన్నాయి. బళ్ళ జాబితా పక్కన పేటల పటం పెట్టారు, అంతే. నా రెండు షీట్ల లాగే.

హ్యూస్టన్‌లో 42 బళ్ళలో, పది వేల మందికి పైగా పిల్లల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఏ బడికి కళా కార్యక్రమాలు అదనంగా ఇవ్వాలో చీటీలు తీసినట్టు నిర్ణయించారు. అవి అందిన బళ్ళలో క్రమశిక్షణ చర్యలు తగ్గాయి, రాత పరీక్షలో పిల్లల మార్కులు పెరిగాయి. ఇది చదివి నాకు మొదట ఊరటగా అనిపించింది, ఎంఈఓ గారికి చూపించొచ్చు అని. చూపించాను కూడా. కానీ ఆ పిల్ల బొమ్మ వేయడానికి హ్యూస్టన్ మార్కులు సాక్ష్యం చెప్పాలా అన్న ఇబ్బంది నన్ను వదల్లేదు. 2006లోనే ఎన్సీఈఆర్టీ నిపుణుల బృందం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టు కావాలంది. 2020 జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలకీ పాఠ్యేతర అంశాలకీ మధ్య గోడ ఉండకూడదంది. ఈ రెండూ నా బీరువాలో ఉన్నాయి. రెండిటి మీదా ట్రైనింగుల్లో కూర్చుని నోట్సు రాసుకున్నాను. అలాంటి నేనే ఆగస్టులో ఒక్క వాక్యంతో ఆ గోడ మళ్ళీ కట్టాను.

మార్చిలో ఎంఈఓ గారికి అంతా చెప్పాను, వాక్యం నాదేనని కూడా. ఆయన లేఖ తెప్పించి చదివారు. "సంతకం నాదే కదమ్మా" అన్నారు. కాసేపాగి అసలు ప్రశ్న అడిగారు. "మరి రెమిడియల్ ఎప్పుడు పెడదాం? వాళ్ళకి తీసివేత రాకుండా వదిలేద్దామా?"

దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఉదయం ముందుగా రమ్మంటే ఆటోల్లో వచ్చే పిల్లలు రాలేరు. సాయంత్రం ఆపితే పేటల దాకా చీకట్లో నడవాలి, ఆడపిల్లలకు కుదరదు. అలా అని చదవడం రాని పిల్లను అలాగే పై తరగతికి పంపడం కూడా అన్యాయమే, డ్రాయింగ్ మాస్టారు అన్నట్టు. చివరికి హెచ్చెంలను కూర్చోబెట్టి మాట్లాడితే వాళ్ళే దారులు చెప్పారు. ఇద్దరు లెక్కల టీచర్లున్న బడిలో లెక్కల పీరియడ్‌లోనే తరగతిని రెండుగా విడదీస్తామన్నారు. ఇంకో బడిలో ఊళ్ళో పిల్లలకు మాత్రం పొద్దున్న అరగంట. రెండు బళ్ళలో ఏమీ మారలేదు. లెక్కలకు ఒక్కొక్కరే టీచరు, విడదీయడానికి మనుషులు లేరు. ఆ రెండు బళ్ళూ ఇప్పటికీ నా షీటులో ఎర్ర రంగులోనే ఉన్నాయి.

ఫారం పంపడం మానేశాం. బడికి వెళ్ళిన సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఏదో ఒక తరగతి గదిలోకి వెళ్ళి, పోయిన వారం బొమ్మలు వేసినవాళ్ళు చేతులెత్తండి అని అడుగుతారు. ఎత్తిన చేతులు లెక్కపెడతారు, హాజరు రాసుకుంటారు. ఎత్తనివాళ్ళను, మరి ఆ టైములో ఎక్కడున్నావమ్మా అని అడుగుతారు. పిల్లలు ఉన్నది ఉన్నట్టు చెప్తారు. వంద మంది హద్దు తీసేసి దాత జాబితా మళ్ళీ రాశాం. దాతకు పంపిన అంకె తప్పని కూడా రాశాను. ఆయన వెంటనే జవాబిచ్చారు, పదిహేను బళ్ళు చేయండి అని. కొండ పక్క ఊళ్ళో ఇప్పుడు తప్పెటగుళ్ళ వాళ్ళు శనివారాలు బడికి వస్తున్నారు.

2024 జూన్‌లో కొత్త లేఖ వెళ్ళింది. నాలుగో పేరాలో "కళలు, ఆటలు, పని విద్య పీరియడ్లను ప్రత్యేక తరగతులకు వాడరాదు" అని ఉంది. ఆ హైస్కూలుకి లేఖ నేనే పట్టుకెళ్ళాను. డ్రాయింగ్ మాస్టారి గదికి వెళ్ళి, ఆగస్టు లేఖలో ఆ మాట నేనే రాశాను సార్, జనవరిలో మీకు చెప్పలేకపోయాను అన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కొత్త లేఖ రెండుసార్లు చదివారు.

"అయితే బుధవారం పిల్లలందరూ వస్తారా?"

"వస్తారు సార్."

"అయితే నలభై రెండు కాగితాలు కావాలమ్మా. ముప్పై ఒకటే తెస్తున్నాను."

కాగితాలు ఆయన సొంత డబ్బుతో కొంటున్నారని నాకు అప్పుడు తెలిసింది. డ్రాయింగ్ మాస్టారున్న బడి కదా అని పోయిన ఏడాది జూన్ జాబితాలో రంగులు, కాగితాలు ఈ బడికి లేకుండా చేసింది నేనే. అదీ చెప్పాను. ఆయన తలూపి, బీరువాలోంచి కొత్త నోట్సు తీశారు. ఎనిమిదో తరగతి పేర్లు అప్పటికే రాసుకున్నారు. పాత నోట్సు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క పేరు ఎదురుగా మొదటి గడిలో ఏదో రాసుకుంటూ వెళ్ళారు. ఆ పిల్ల పేరు దగ్గర ఆగి, పాత పేజీ వెతికి, కొత్త గడిలో 'కుండ, నీడ' అని రాశారు.